మోకాలి ఆపరేషన్: రోబో కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు

నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు వాళ్లకి పెద్ద వైద్యం అంటే ఇప్పటికీ మద్రాసే. అందుకే చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి ఊరి నుంచి వచ్చే ఫోన్లలో మోకాళ్ల గురించి అడిగేవి చాలా ఉంటాయి. "అమ్మకి రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందట. మార్చాలంటున్నారు. రోబోతో చేయిస్తే మంచిదా, మామూలుగా చేయిస్తే చాలా? డబ్బులో తేడా బాగానే చెబుతున్నారు." ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది.

నేను డాక్టర్ని కాను. తమిళం రాని బంధువులకి డాక్టరు చెప్పేది తెలుగులో చెప్పడం, వీళ్ల భయాలు ఆయనకి తమిళంలో చెప్పడం నా వంతుగా వచ్చిన పని. తప్పుగా చెబితే నష్టపోయేది వాళ్లే కాబట్టి, మధ్యలో నిలబడే ముందు విషయం తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒకటి అర్థమైంది. రోబోనా కాదా అన్నది నాలుగోదో ఐదోదో రావాల్సిన ప్రశ్న. మనవాళ్లు దాన్నే మొదట అడుగుతున్నారు, ఎందుకంటే హోర్డింగుల మీద కనబడేది అదే.

ఎముకల వైద్యంలో గత ఇరవై పాతికేళ్లలో నన్ను ఎక్కువగా కదిలించిన మార్పు ఏ యంత్రమూ కాదు. తాము రోజూ చేసే ఆపరేషన్లు నిజంగా పనిచేస్తున్నాయా అని సర్జన్లే వాటిని పరీక్షకు పెట్టడం.

మందుని పరీక్షించడం కొంత తేలిక. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగులో ఉత్త మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియనివ్వకుండా ఫలితం చూస్తారు. ఆపరేషన్‌ని అలా ఎలా పరీక్షించాలి? అమెరికాలోని హ్యూస్టన్‌లో సర్జన్లు ఒక సాహసం చేశారు, దాని ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మోకాలి అరుగుదల ఉన్న 180 మందిని, వాళ్ల ఒప్పుకోలుతోనే, మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి (దీన్నే కీహోల్ సర్జరీ అంటారు) లోపల గరుకుని చెక్కి శుభ్రం చేశారు. రెండో గుంపుకి నీళ్లతో కడిగారు. మూడో గుంపుకి మత్తిచ్చి, చర్మం మీద కోతలు పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. రెండేళ్లపాటు చూస్తే మూడు గుంపులకీ నొప్పిలో, నడకలో తేడా కనిపించలేదు. ఉత్తుత్తి ఆపరేషన్ అయినవాళ్లకి కూడా అంతే ఉపశమనం కలిగింది.

2013లో ఫిన్లాండ్‌లో 146 మందితో ఇలాంటి పరీక్షే ఇంకొకటి జరిగింది. ఈసారి మెనిస్కస్, అంటే మోకాలి లోపల మెత్తలా ఉండే కణజాలం, వయసుతో చిరిగినవాళ్లని తీసుకున్నారు. చిరిగిన ముక్కను కత్తిరించినవాళ్లకీ, కత్తిరించినట్టు నటించి వదిలేసినవాళ్లకీ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017 నాటికి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం స్పష్టంగా చెప్పింది: అరుగుదల వల్ల వచ్చే మోకాలి నొప్పికి కీహోల్ సర్జరీ వద్దు.

ఇక్కడ మనవాళ్లని తికమక పెట్టేది ఎంఆర్ఐ రిపోర్టు. అందులో చిరుగు అని రాసి ఉంటే ఎవరికైనా టెన్షన్ పట్టుకుంటుంది. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో నడివయసు దాటినవాళ్ల మోకాళ్లకి ఎంఆర్ఐ తీసి చూశారు. చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అంటే రిపోర్టులో చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. అరుగుదల అనేది కీలు మొత్తానికి వచ్చే సమస్య. అందులో ఒక ముక్క కత్తిరిస్తే మిగతాది బాగుపడదు. ఆటలో కాలు మెలితిరిగి చిరిగిన కుర్రవాడి సంగతి వేరు, మోకాలు వంగకుండా చాపకుండా బిగుసుకుపోయిన మనిషి సంగతి వేరు. అలాంటివాళ్లలో కొందరికి కీహోల్ సర్జరీ ఇప్పటికీ అవసరమవుతుంది.

ఇంజెక్షన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాల్లోకి ఎక్కించే పీఆర్‌పీకి ఊళ్లలో కూడా గిరాకీ పెరిగింది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందితో జరిగిన పరీక్షలో ఏడాది తర్వాత పీఆర్‌పీకీ, ఉత్త ఉప్పునీటికీ నొప్పిలో గానీ, మృదులాస్థి (మనం గుజ్జు అనేది) అరుగుదలలో గానీ తేడా రాలేదు. 2023లో అమెరికాలో మూలకణాల ఇంజెక్షన్లని మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చితే, ఏడాది తర్వాత అవి మెరుగని తేలలేదు. "కొత్త గుజ్జు పుట్టిస్తాం" అని ఎవరైనా చెబితే, ఆ మాటకి ఇప్పటిదాకా గట్టి ఆధారం లేదు. అప్పు చేసి ఈ ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

మరి ఆపరేషన్ కంటే ముందు ఏం చేయాలి? 2015లో డెన్మార్క్ పరిశోధకులు మోకాలి మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు భాగాలు చేశారు. అందరికీ పన్నెండు వారాల వ్యాయామం, తిండి విషయంలో సలహా, చెప్పుల్లో మెత్తలు, అవసరమైతే నొప్పి మాత్రలు. సగం మందికి వీటికి ముందు ఆపరేషన్ కూడా చేశారు. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్లకి ఉపశమనం దాదాపు రెట్టింపు. ఇది ఆపరేషన్ బలం, దాన్ని కాదనడానికి లేదు. అయితే ఆపరేషన్ లేని గుంపులో ఆ ఏడాదిలో మార్పిడి చేయించుకున్నది నలుగురిలో ఒకరే. మిగతా ముగ్గురూ నెట్టుకొచ్చారు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ.

బరువు కూడా పెద్ద విషయమే. 2024లో సెమాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్‌తో, ఊబకాయం ఉండి మోకాళ్లు అరిగినవాళ్ల మీద పరీక్ష జరిగింది. బరువు తగ్గినవాళ్లకి మోకాలి నొప్పి కూడా గట్టిగా తగ్గింది. ఆ మందు అందరికీ సరిపడదు, చవకా కాదు. కానీ బరువు దిగితే మోకాలి నొప్పి తగ్గుతుందన్న పాత మాటకి ఇంత బలమైన సాక్ష్యం దొరకడం మంచిదే. మనిళ్లల్లో చిక్కు ఏమిటంటే, నొప్పి అనగానే అత్తయ్యని, అమ్మని కుర్చీలోంచి లేవనివ్వరు. ప్రేమతోనే చేస్తారు. కదలకపోతే తొడ కండరం నీరసిస్తుంది, బరువు పెరుగుతుంది, నొప్పి ఇంకా ముదురుతుంది.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, పక్క వీధిలో గుడికి కూడా నడవలేని స్థితి, ఎక్స్‌రేలో ఎముకకి ఎముక ఆనుకుంటున్న గుర్తులు ఉంటే, అప్పుడు మోకాలి మార్పిడి గొప్ప వరం. అందులో మోకాలు మొత్తం తీసేయరు. తొడ ఎముక కింది కొసనీ, కాలి ఎముక పై కొసనీ కొద్దిగా చెక్కి వాటి మీద లోహపు తొడుగులు బిగిస్తారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఈ ప్లాస్టిక్ వెనకో కథ ఉంది. ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్లీ 1950ల చివర్లో తుంటి కీళ్లకి టెఫ్లాన్ వాడాడు. మొదట్లో అద్భుతంగా పనిచేసింది. కొన్నేళ్లలోనే అరిగిపోయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. ఆ రోగులకి ఆయనే మళ్లీ ఆపరేషన్లు చేసి, 1962లో గట్టి పాలిథీన్‌కి మారాడు. దాని మెరుగైన రూపాలే నేటికీ వాడుతున్నారు. మొదటి ఏడాది బాగుండటం వేరు, పదో ఏడాది బాగుండటం వేరు అన్నది ఎముకల సర్జన్లు అప్పుడే నేర్చుకున్నారు. ఇప్పుడు ఏ కొత్త సంగతి వచ్చినా నేను ఈ కొలతతోనే చూస్తాను.

ఎంతకాలం మన్నుతుంది? 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అయితే ఇందులో వయసు చాలా ముఖ్యం. 2017లో అదే పత్రికలో బ్రిటన్ రోగుల లెక్క వచ్చింది. డెబ్భై దాటాక చేయించుకున్నవాళ్లలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది సుమారు 5 శాతం మందికి. యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో మాత్రం అది 35 శాతం దాకా ఉంది. రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం, ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. అందుకే యాభై రెండేళ్ల మనిషికి "ఎలాగూ చేయించాలి కదా, ఇప్పుడే కానిచ్చేద్దాం" అనేవాళ్ల మాట నాకు నచ్చదు.

దొడ్డికాళ్లుండి లోపలివైపు మాత్రమే అరిగిన నడివయసువాళ్లకి, కాలి ఎముకని కోసి వంపు సరిచేసి బరువుని రెండోవైపుకి మళ్లించే ఆపరేషన్ ఉంది. ఒక పక్కే అరిగితే ఆ పక్కని మాత్రమే మార్చే సగం మార్పిడి కూడా ఉంది. 2019లో బ్రిటన్‌లో 528 మందితో చేసిన పరీక్షలో ఐదేళ్ల తర్వాత సగం మార్పిడి, పూర్తి మార్పిడి ఫలితాలు దాదాపు సమానం. ఖర్చు మాత్రం సగం మార్పిడికే తక్కువ. ఈ రెండు దారులూ తన కేసుకి సరిపోతాయో లేదో డాక్టర్ని ప్రతి రోగీ అడగాలి.

ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు తర్వాత తృప్తిగా లేరని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఎక్స్‌రేలో అరుగుదల తక్కువగా ఉండగానే తొందరపడినవాళ్లు, ఒళ్లంతా నొప్పులున్నవాళ్లు, చాలా పెద్ద ఆశలతో వెళ్లినవాళ్లు ఇందులో ఎక్కువ. బాసింపట్టు వేసుకుని పూజలో కూర్చోవడం, నేల మీద కూర్చుని భోంచేయడం మళ్లీ కుదురుతుందనుకుని మనవాళ్లు చాలామంది ఆపరేషన్‌కి వస్తారు. ఎక్కువ వంగేలా చేశామని కంపెనీలు తెచ్చిన హై ఫ్లెక్స్ కీళ్లు, పరీక్షల్లో మామూలువాటికంటే చెప్పుకోదగ్గ లాభం చూపలేదు. నొప్పి లేకుండా నడవగలగడమే ఈ ఆపరేషన్ ఇచ్చే అసలు వరం.

ఇక రోబో. ఇది తనంతట తాను ఆపరేషన్ చేస్తుందని ఊళ్లో చాలామంది అనుకుంటున్నారు. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో ముందే సీటీ స్కాన్ తీసి ఎముకల త్రీడీ నమూనా తయారుచేస్తారు. ఆపరేషన్ సమయంలో తొడ ఎముకకీ, కాలి ఎముకకీ సన్నని పిన్నులు బిగించి వాటికి గుర్తులు తగిలిస్తారు. కెమెరా ఆ గుర్తుల్ని గమనిస్తూ ఎముక ఎక్కడుందో కంప్యూటర్‌కి చెబుతుంది. రంపం సర్జన్ చేతిలోనే ఉంటుంది. గీసిన హద్దు దాటబోతే రోబో చెయ్యి ఆపేస్తుంది. కోత కోయడం, లిగమెంట్ల (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీల) బిగువు చూడడం, కుట్టడం అన్నీ మనిషి పనే. కొన్ని రకాలకి సీటీ కూడా అక్కర్లేదు, ఆపరేషన్ బల్ల మీదే ఎముక ఉపరితలాన్ని కొలుచుకుంటాయి. చాలా రోబోలు ఆయా కంపెనీల ఇంప్లాంట్లతోనే, అంటే లోపల బిగించే కృత్రిమ కీళ్లతోనే పనిచేస్తాయి. రోబోని ఎంచుకుంటే ఇంప్లాంటు కంపెనీని కూడా ఎంచుకున్నట్టే.

దీనివల్ల కోతల్లో కచ్చితత్వం పెరుగుతుంది. ఇందులో సందేహం లేదు, అధ్యయనాలన్నీ ఒప్పుకుంటున్నాయి. ప్రశ్నల్లా ఆ కచ్చితత్వం రోగికి ఏమిస్తుందన్నది. 2020లో దక్షిణ కొరియా నుంచి వెలువడిన పరీక్షలో, అప్పటి తరం రోబోతో చేసినవాళ్లనీ మామూలుగా చేసినవాళ్లనీ పదేళ్లకు పైగా గమనించారు. నొప్పిలో, నడకలో, కీలు మన్నికలో తేడా రాలేదు. నేటి రోబోలు అప్పటివాటికంటే మెరుగు, మొదటి రోజుల్లో నొప్పి కొంత తక్కువని చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. పదేళ్ల ఫలితం చెప్పాలంటే మాత్రం పదేళ్లు గడవాలి.

అసలు ఏ గీత మీద కోయాలన్నదే సర్జన్ల మధ్య ఇప్పుడు పెద్ద చర్చ. తుంటి మధ్య నుంచి చీలమండ మధ్యకి సరళరేఖ గీస్తే అది మోకాలి నడిమధ్య గుండా పోవాలన్నది పాత సూత్రం. బండి టైరు అలైన్‌మెంట్ తప్పితే ఒకవైపే అరిగినట్టు, కాలు వంకరగా ఉంటే ప్లాస్టిక్ ఒకవైపే అరుగుతుందన్న భయం దీనికి కారణం. 2012లో బెల్జియం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 250 మంది యువతీయువకుల కాళ్లు కొలిచారు. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి సహజంగానే కాలు కొంచెం దొడ్డిగా ఉంది. అరుగుదల లేని రోజుల్లో కూడా వాళ్ల కాలు సరళరేఖ కాదు. అలాంటప్పుడు అందరినీ ఒకే గీతకి తేవడం న్యాయమేనా? ఎవరి కాలు ఏ తీరుగా ఉండేదో ఆ తీరుకే తిరిగి తేవాలనేది కొత్త వాదం. ఈ వాదం చివరికి గెలిస్తే రోబోకి నిజమైన పని దొరుకుతుందని నా నమ్మకం. ఒక్కో మనిషికి ఒక్కో కోణంలో కోయాలంటే ఆ కచ్చితత్వం అప్పుడు కావాలి.

ఈలోగా నా బంధువులకి నేను చెప్పేది ఇదే. ఏడాదికి ఎన్నో మోకాళ్లు చేసే చేయి తిరిగిన సర్జన్ మామూలుగా చేస్తానంటే దాన్ని తక్కువ వైద్యం అనుకోవద్దు. రోబో కోసం పొలం తాకట్టు పెట్టొద్దు. 2017 ఆగస్టులో కేంద్ర ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. అప్పట్లో సగటున లక్షన్నరకి పైగా ఉన్న కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంటు 54,720 రూపాయలకి దిగింది, జీఎస్టీ అదనం. ఆ పరిమితి ఇంప్లాంటుకే. గది, థియేటర్, రోబో చార్జీలకి అది వర్తించదు. అందుకే ప్యాకేజీ ఎంత అని మాత్రమే కాకుండా, అందులో దేనికి ఎంత అని విడివిడిగా అడగాలి.

రోగి కోలుకోవడాన్ని నిజంగా మార్చేసినవి హోర్డింగులెక్కని చిన్న చిన్న పనులు. ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చవకైన మందుని జపాన్ శాస్త్రవేత్తలు ఉటాకో, షోసుకే ఒకమోటో దంపతులు 1962లో ప్రపంచానికి చెప్పారు. ఆపరేషన్ ముందు అది ఇస్తే రక్తస్రావం తగ్గుతుంది. ఒకప్పుడు మార్పిడికి ముందే రక్తదాతల కోసం బంధువులంతా పరుగులు పెట్టేవాళ్లు, ఇప్పుడు చాలామందికి రక్తం ఎక్కించే పనే పడటం లేదు. తొడ కండరం బలం పోకుండా మోకాలికి మాత్రమే తిమ్మిరెక్కించే నరాల మత్తు వచ్చాక, అదే రోజు సాయంత్రమో మర్నాడో వాకర్‌తో నడిపిస్తున్నారు. ఆపరేషన్ ముందు షుగర్ అదుపులోకి తేవడం, పన్ను పుచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి నయం చేసుకోవడం కూడా ఇందులోవే. కృత్రిమ కీలులో ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే అయినా, వస్తే నెలల తరబడి నరకం.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించాలని మనవాళ్లకి తొందర. రెండోసారి చెన్నై రానక్కర్లేదు, సెలవు పెట్టే కొడుకు ఒక్కసారే పెడతాడు. ఆ కష్టం నాకు తెలుసు. కానీ గుండెకి, ఊపిరితిత్తులకి భారం అప్పుడు ఎక్కువ. గుండెజబ్బు ఉన్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు విడివిడిగా చేయించుకోవడమే క్షేమం.

మోకాలి విషయంలో ఆలోచించుకోవడానికి నెలలుంటాయి. తుంటి ఎముక విరిగితే గంటలే ఉంటాయి. బాత్‌రూమ్‌లో జారిపడిన ముసలమ్మని "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదు, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అని మంచం మీదే ఉంచేయడం మన ప్రాంతంలో ఇప్పటికీ జరుగుతోంది. కొన్ని దెబ్బలకి పెద్ద వైద్యం అక్కర్లేదన్నది నిజమే, కొత్త పరిశోధన కూడా ఆ మాటే అంటోంది. 2022లో బ్రిటన్‌లో 965 మంది పిల్లల మీద చూస్తే, మణికట్టు ఎముక కొద్దిగా నొక్కుకుపోయిన దెబ్బకి గట్టి పట్టీ అయినా మామూలు బ్యాండేజీ అయినా ఒకటేనని తేలింది. 2015లో పెద్దవాళ్ల భుజం ఎముక పైభాగం విరుగుళ్లలో చాలావాటికి చేతికి జోలె కట్టినా, ఆపరేషన్ చేసినా రెండేళ్లకి ఫలితం సమానమేనని తేలింది.

తుంటి వీటితో కలవదు. మంచం మీద కదలకుండా ఉంటే నిమోనియా, పుళ్లు, కాళ్లలో రక్తం గడ్డలు ముంచుకొస్తాయి. 2020లో 17 దేశాల్లో దాదాపు 3,000 మందితో జరిగిన హిప్ అటాక్ పరీక్షలో, సుమారు 6 గంటల్లో ఆపరేషన్ చేసినవాళ్లనీ 24 గంటల్లో చేసినవాళ్లనీ పోల్చారు. మరణాల్లో తేడా రాలేదు. కానీ త్వరగా చేసినవాళ్లలో మతి తప్పి కలవరించడం తగ్గింది, మూత్ర ఇన్ఫెక్షన్లు తగ్గాయి, త్వరగా లేచి నడిచారు. గమనించండి, అక్కడ ఆలస్యం అంటేనే ఒక రోజు. మన ఇళ్లలో ఆలస్యం వారాల్లో ఉంటుంది. పెద్దవాళ్లు పడి కాలు కదపలేకపోతే, ఆ రోజే ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ రేపటిలోగా చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది నెల్లూరులోనే ఉంటే చెన్నై దాకా రానే అక్కర్లేదు.

చివరగా ఒక కాగితం సంగతి, ఇంప్లాంటు పెట్టెలో వచ్చే స్టిక్కరు. అదెందుకు దాచుకోవాలో ఈ కథ చెబుతుంది. డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీలులో బంతి, గిన్నె రెండూ లోహమే. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రేణువులు ఊడి చుట్టూ ఉన్న కండరాన్ని, రక్తాన్ని పాడుచేశాయి. వేసిన ప్రతి కీలునీ 1999 నుంచి నమోదు చేస్తున్న ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో దీని వైఫల్యాలు ముందే బయటపడ్డాయి. అక్కడ 2009లోనే తీసేశారు, ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది 2010 ఆగస్టులో. మన దేశంలో సుమారు 4,700 మందికి వేశారు. వాళ్లలో చాలామంది ఎవరో, ఎక్కడున్నారో దొరకలేదు. స్వీడన్ మోకాళ్ల రిజిస్ట్రీ 1975లోనే మొదలైంది. మన దగ్గర సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది గానీ, అందులో నమోదు స్వచ్ఛందం.

కాబట్టి ఆ నమోదు మనమే చేసుకోవాలి. ప్రతి ఇంప్లాంటు పెట్టెలో కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. డిశ్చార్జి రోజు బిల్లు, మందుల చీటీ, రైలు టైము హడావిడిలో అవి ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోతాయి. అడిగి ఒక సెట్టు తీసుకుని డిశ్చార్జి సమ్మరీ మీద అంటించండి. దాని ఫొటో పిల్లలందరి ఫోన్లలోనూ ఉంచండి.